సెగొచ్చింది, బస్సాపండి

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసు గ్రూపులో ఒకడు స్టిక్కర్ పెట్టాడు. ఏసీ పాడైందని అందరూ గోల పెడుతుంటే దానికి జవాబుగా పెట్టాడు. చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న ఒకావిడ ముందుకి వంగి ఉంటుంది. ఎవరో రబ్బరు పైపుతో ఆవిడ నెత్తిన నీళ్ళు పోస్తుంటారు. వెనకాల బస్సు. కింద 'ఎండలు బాబోయ్' అని రాసుంటుంది. గ్రూపంతా పళ్ళికిలించింది.

"అది ఎండ కాదు. ఆ రోజు పొగమంచు. వెనక బస్సులో జనం మంకీ క్యాపులు పెట్టుకున్నారు, జూమ్ చేసి చూడు" అని టైప్ చేశాను.

"నీకెలా తెలుసు?" అన్నాడు వాడు.

"ఆ బస్సులో నేనున్నాను కాబట్టి."

తర్వాత ఇంకో నాలుగు మాటలన్నాను, అవి ఇక్కడ రాయను. మేనేజర్ విడిగా మెసేజ్ పెట్టి, కాస్త తగ్గమన్నాడు. తగ్గాలనిపించలేదు. ఆ స్టిక్కర్ దేశమంతా తిరుగుతోంది. అందులో ఉన్నావిడ ఎవరో, ఎందుకు తల తడుపుకుంటోందో ఒక్కడికీ తెలీదు. ఫోన్లో రెండు ముక్కలు కొడితే తేలే సంగతి కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను.

పేరు రాయను. ఆవిడ చొక్కా మీద పేరు పట్టీ ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ కండక్టర్ గారే.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. డిగ్రీ అవగానే కడియం దగ్గర ఒక నర్సరీలో ఉద్యోగం దొరికింది. మొక్కలకి ఫోటోలు తీయడం, వీడియోలు చేయడం, ఆన్‌లైన్‌లో ఆర్డర్లు చూసుకోవడం నా పని. ఉండేది రాజమండ్రిలో లేడీస్ హాస్టల్లో. పొద్దున్నే రావులపాలెం బస్సెక్కి దారిలో నర్సరీ దగ్గర దిగిపోవాలి. చేరిన మొదటిరోజు ఆ బస్సులో తలొంచుకుని రీల్స్ చూసుకుంటున్నాను. వేమగిరి దాటాక కండక్టర్ గొంతు వినపడింది. వచ్చే స్టేజీ పేరు చెబుతున్నంత మామూలుగా.

"సెగొచ్చింది, బస్సాపండి."

డ్రైవర్ "ఆయ్" అని బండిని పక్కకి తీశాడు. అక్కడ రోడ్డు పక్కనే ఒక నర్సరీ ఉంది, మోటారు నడుస్తోంది. బంతి నారుకి నీళ్ళు పెడుతున్న ఒకామె పైపు పట్టుకుని అప్పటికే గట్టు మీదకి వచ్చి నిలబడింది. కండక్టర్ గారు కళ్ళజోడు తీసి, దగ్గర్లో ఉన్న నా చేతిలో పెట్టి, "పట్టుకో" అని దిగిపోయారు. నడుం వంచి తల ముందుకి పెట్టారు. పైపు పట్టుకున్నామె మొక్కకి పోసినట్టే, మెల్లగా, చుట్టూ తిప్పి పోసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. టవల్‌తో మెడ తుడుచుకుంటూ బస్సెక్కారు.

వెనక సీట్లోంచి ఒకాయన లేచాడు. "ఏంటండీ రోజూ ఇది? ఆడాళ్ళకంటే ఫ్రీ, మేం డబ్బులిచ్చి ఎక్కాం. డ్యూటీలకి పోవద్దా?"

ఆవిడ నా చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, కొంగుతో తుడిచి, పెట్టుకుని, అప్పుడు ఆయనవైపు చూశారు. "నాకు ముట్లాగిపోయే వయసండి. అందుకని ఒళ్ళు మండుతోంది. మీకెందుకండీ మండుతోంది?"

బస్సంతా నవ్వింది. ఆయన కూర్చున్నాడు. నేను ఫోన్లోంచి తలెత్తాను.

ఆ మాట ఒక మనిషి నోట అంత గట్టిగా వినడం నాకదే మొదటిసారి. మా ఇంట్లో అమ్మ 'డేట్' అంటుంది, అదీ నాన్న హాల్లో లేనప్పుడు. మందుల షాపువాడు నల్ల కవర్లో చుట్టి ఇస్తాడు. నేను చదువుకున్న స్కూళ్ళు, కాలేజీలు అన్నీ కలిపి నాకు నేర్పింది ఆ మాట అనకుండా ఎలా బతకాలో. ఈవిడేమో టికెట్ టికెట్ అన్న గొంతుతోనే అనేశారు, అని ఊరుకుని, చిల్లర ఎంచుకుంటున్నారు.

"ఫోనమ్మాయ్, నీ స్టేజీ వచ్చింది. లే" అన్నారు కాసేపటికి. అప్పట్నుంచి నేను ఫోనమ్మాయినే.

మనిషి పొట్టి. నడుం దగ్గర టికెట్ మెషిను, భుజాన డబ్బుల సంచి, జడ చుట్టిన ముడిలో ఒక బాల్ పెన్ను. ఆ పెన్నుతో ఎప్పుడూ ఏమీ రాయగా చూడలేదు, వీపు గోక్కోవడానికే వాడేవారు. సీటు దొరకని మగవాళ్ళు ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంటే లేవమని చెప్పేవారు కాదు. ఎదురుగా నిలబడి, "ఏమ్మా, ఒంట్లో బావుందా?" అని అడిగేవారు అంతే. వాళ్ళే లేచేవారు. చిల్లర లేదన్నవాళ్ళతో పోట్లాడేవారు. ఉందని ఇచ్చినవాళ్ళతో కూడా, ఇంత చిల్లర ఎక్కడ మొయ్యమంటారండీ అని పోట్లాడేవారు.

సెగ వచ్చే ముందు మాత్రం ఆవిడ మాట మధ్యలో ఆగిపోయేది. చెయ్యి సీటు కమ్మీ మీద పడేది. మెడ దగ్గర మొదలై మొహమంతా ఎర్రబడేది. ఒక్క క్షణం ఎటో వింటున్నట్టు ఉండేవారు. తర్వాత కళ్ళజోడు తీసి ఎవరికో ఒకరికి ఇచ్చేవారు. ఎవరికైనా సరే. ఒకసారి చేపల బుట్టతో ఉన్నామెకిచ్చారు, ఇంకోసారి పెనుగొండ గుడికి వెళ్తున్న సేటు గారికిచ్చారు. ఆయన దాన్ని ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. డబ్బుల సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, దాంతోనే తడిసేవారు.

"రోజుకి ఎన్నిసార్లు వస్తుందండీ?" అని అడిగాను.

"దానికేమన్నా టైం టేబులుందా? మన బస్సుకే లేదు" అన్నారు. "ఈ మోటారు దాటాక వస్తే ఓర్చుకుంటాను. మోటారుకి ముందు వస్తే ఓర్చుకోను. ఎందుకు ఓర్చుకోవాలి, నీళ్ళక్కడ ఉంటే?"

ఒకరోజు నా పక్కన కూర్చుని, "నువ్వు పొద్దస్తమానం అందులో చూస్తుంటావు కదా. దీని గురించి ఏమన్నా చెబుతారేమో చూడు" అన్నారు. వెతికాను. మాత్రల ప్రకటనలు వచ్చాయి. తెల్లజుట్టు దొరసానులు సముద్రం ఒడ్డున తెల్లబట్టలేసుకుని పరిగెడుతున్న వీడియో ఒకటి వచ్చింది. ఆవిడ దాన్ని శ్రద్ధగా చివరిదాకా చూశారు.

"వీళ్ళకి బావుంది. సెగొస్తే పక్కనే సముద్రం. నాకు మోటారే దొరికింది" అని లేచి టికెట్లకి వెళ్ళిపోయారు.

ఇంకొకరోజు మొక్కల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి తిరుగుతూ ఇరుక్కుపోయింది. ముందూ వెనకా బళ్ళు నిలిచిపోయాయి. మగవాళ్ళు దిగి లారీ డ్రైవర్‌కి దారి చెప్పే పనిలో పడ్డారు. లోపల ఆడవాళ్ళం మిగిలాం. కండక్టర్ గారు ఇంజను పక్కన బోనెట్ మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, "ఫోనులో ఏం దొరకలేదర్రా. మీరు చెప్పండి. మన మనవరాళ్ళ రోజులకి ఇది ఎలా ఉండాలంటారు?" అన్నారు.

ముందుగా పూలమార్కెట్‌కి వెళ్ళొస్తున్న పూలావిడ అంది: "మా ఆయన ఫ్యాను కట్టెయ్యకుండా ఉంటే చాలండి. నాకు ఒళ్ళు కాలిపోతుంటే ఆయన చలని లేచి కట్టేస్తాడు. నేను లేచి వేస్తాను. తెల్లార్లూ ఇదే పని."

"మనవరాలి సంగతి అడిగితే మీ ఆయన గోలేంటి?"

"దానికి మాత్రం వేరేవాడు దొరుకుతాడంటారా?"

నవ్వులు తగ్గాక హిందీ టీచర్ గారు నోరు తెరిచారు. ఆవిడ రోజూ కిటికీ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళే మనిషి. "బోర్డు మీద రాస్తూ రాస్తూ ఏం రాస్తున్నానో మర్చిపోతానండి. పిల్లలు నవ్వుతారు. నేను అరుస్తాను. తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఏడుస్తాను. ఆ పిల్లలకి ముందే ఎవరన్నా చెప్పుంటే బావుండును. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలక్కూడా." కిటికీ వైపు తిరిగి, "చెప్పాల్సింది నేనే అనుకోండి" అన్నారు.

చివరి సీటులో నర్సరీ కూలికి వెళ్ళే ఒకమ్మాయి ఉంది. అమ్మాయనే అనాలి, నాకంటే పదేళ్ళు పెద్దదేమో. "నాకు ముట్టు గొడవే లేదండి. తీసేశారుగా" అంది.

"ఏంటి తీసేసింది?"

"గర్భసంచండి. మా చిన్నది బళ్ళో చేరిన ఏడు. నొప్పని వెళ్తే, పిల్లలు పుట్టేశారు కదా ఇంక దాంతో పనేంటన్నారు. నెలనెలా పని మానక్కర్లేదని మా అత్త కూడా అంది. మా వీధిలో చాలామందిమి తీయించుకున్నాం. అప్పట్నుంచి నాకూ ఈ సెగలే."

కండక్టర్ గారి కాళ్ళు ఊగడం ఆగింది. బయట లారీ చుట్టూ మగవాళ్ళు కొట్టు, కొట్టు, ఎడమకి కొట్టు అని అరుస్తున్నారు.

"అదీ" అన్నారు చివరికి. "ఫ్యాను తర్వాత, పాఠాలు తర్వాత. ముందు అది. జబ్బుంటే తీయాల్సిందే, నేను కాదన్ను. పనికి అడ్డమని తీసేదేంటి? నాకూ చెప్పారు తీయించుకోమని. డ్యూటీకి హాయిగా ఉంటుందన్నారు. మా చెల్లి తీయించుకుంది. ముప్పై రెండేళ్ళకి ముసలిదైపోయింది. నేను తీయనివ్వలేదు. రావాల్సిన టైముకి అదే వచ్చింది. వచ్చాక దాచిపెట్టుకోవడానికి కాదు కదా నేను ఉంచుకుంది."

"మీ అమ్మగారికి ఎలా ఉండేదండీ?" అని అడిగాను.

"మా అమ్మ ఒకరోజు పొయ్యి ముందు నుంచి లేచి, చెరుకుతోటలోకి వెళ్ళి కూర్చుంది. ఎందుకు కూర్చున్నావంటే చెప్పలేకపోయింది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. ఆవిడ పోయేదాకా ఆ తాయెత్తు చేతికే ఉంది. తనకేదో పట్టిందనే అనుకుంటూ పోయింది మా అమ్మ."

నాకు కోపం తన్నుకొచ్చింది. నాకొచ్చేదే అది. "ఇదంతా వీడియో చేద్దామండీ. అందరి పేర్లూ పెడదాం. కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం" అన్నాను.

"కూర్చున్నాక మళ్ళీ ఈ బస్సే ఎక్కాలి కదమ్మా" అన్నారు. "బస్సులో అయ్యే పని చూడు. నాకేం కావాలో చెప్పనా? నీ రోజు వచ్చేసరికి, బస్సులో నువ్వు సెగొచ్చిందండి అంటే పక్కనున్నోడు కిటికీ తీయాలి. ఎలా తీయాలి? నువ్వు తుమ్మొస్తోందంటే మొహం ఎలా పక్కకి తిప్పుకుంటాడో, అంత మామూలుగా. జాలి వద్దు. నవ్వొద్దు. కిటికీ తీసి మళ్ళీ వాడి ఫోను వాడు చూసుకోవాలి. అంతకంటే నేనేం అడగట్లేదు."

లారీ కదిలింది. ఆవిడ బోనెట్ దిగి బెల్లు కొట్టారు.

ఈలోగా ఒక తమాషా జరిగింది. బస్సు రోజూ ఆ మోటారు దగ్గర ఆగడం చూసి, అక్కడ స్టేజీ పెట్టారని జనం అనుకున్నారు. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. తర్వాత అసలు స్టేజీ వదిలేసి అక్కడికే రావడం మొదలుపెట్టారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. అక్కడైతే నీళ్ళున్నాయి, మొహం కడుక్కోవచ్చు, సీసా పట్టుకోవచ్చు. ఎండగా ఉందని నర్సరీ ఆడవాళ్ళు నాలుగు వెదురు బొంగులు పాతి, మొక్కల మీద వేసే ఆకుపచ్చ నెట్టు పైన కట్టారు. ఎవరో ఒక సిమెంటు బల్ల తెచ్చిపడేశారు. ఇంకో రూటు బస్సు డ్రైవర్ కూడా జనాన్ని చూసి, కొత్త స్టేజీ కాబోలనుకుని ఆపేశాడు. కండక్టర్ గారు ఇది చూసి మురిసిపోయారు. "నేనేం పెట్టలేదమ్మా. వాళ్ళే పెట్టుకున్నారు" అనేవారు, తానే పెట్టించినట్టు.

వీడియో తీసింది ఆ డిసెంబర్లో. ఆ రోజు ఎదురుగా వచ్చే బండి కూడా కనిపించనంత మంచు. అందరం స్వెట్టర్లలో ముడుచుకుని కూర్చున్నాం. ఆవిడ దిగి తల తడుపుకున్నారు. కిటికీలోంచి ఎవడో ఫోన్ బయటికి పెట్టి తీశాడు. సాయంత్రానికల్లా 'డ్యూటీలో కండక్టరమ్మ జలకాలాట' అని పేరు పెట్టి, వెనక ఏదో డప్పు మోత తగిలించి వదిలాడు. నా ఫోన్‌కే మూడు వైపుల నుంచి వచ్చింది. కింద కామెంట్లు చదివాను. చదివి ఒక్కొక్కడికీ జవాబు పెట్టాను. హాస్టల్లో అన్నానికి కూడా లేవలేదు.

మర్నాడు ఆవిడ నా ఫోన్లోనే ఆ వీడియో చూశారు. "బానే తీశాడు. మంచులో బస్సు బావుంది" అన్నారు. ఫోన్ బోర్లా తిప్పి నా ఒళ్ళో పెట్టారు.

డిపో నుంచి పిలుపొచ్చింది. దారిలో స్టేజీ కాని చోట బస్సాపి, ప్రయాణికులకి ఆలస్యం చేసినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. సాక్ష్యానికి మమ్మల్ని రమ్మన్నారావిడ. పూలావిడ, హిందీ టీచర్ గారు, ఆ నర్సరీ అమ్మాయి, నేను వెళ్ళాం. లోపలికి వెళ్ళేముందు కండక్టర్ గారు నా చేతిలో ఫోన్ చూసి, "లోపల పెట్టు. డిపో మేనేజర్ గారి మొహం ఎవడి ఫోన్లోనూ తిరగక్కర్లేదు" అన్నారు.

డిపో మేనేజర్ గారు చెడ్డమనిషేం కాదు. అందరికీ కుర్చీలు వేయించాడు. మా ఎవరి మొహమూ చూడకుండా కాగితాలు సర్దాడు.

"పై నుంచి అడుగుతున్నారమ్మా. నేనేదో ఒకటి రాసి పంపాలి. ఆ... మీ లేడీస్ ప్రాబ్లం గురించి నాకు చెప్పారు. అనారోగ్యమని రాసివ్వండి. డాక్టర్ సర్టిఫికెట్ ఒకటి పెడదాం. ఇక్కడే ఆఫీసులో కూర్చునే పని నేను ఇప్పిస్తాను. మీకూ సుఖం. రోడ్డెక్కే బాధ ఉండదు."

నిజంగా మంచి బేరమే. పూలావిడ మెల్లగా, "ఒప్పేసుకోండి" అని గొణిగింది కూడా.

"అనారోగ్యం అయితే రాసేదాన్నండి" అన్నారు కండక్టర్ గారు.

"మరేంటని రాస్తారు?"

"ముట్లాగే వయసని."

ఆయన కలం కింద పెట్టేశాడు. "అది ఫైల్లో ఎలా రాస్తామమ్మా?"

"డ్రైవర్లు టీకి ఆపుతారండి. సిగరెట్టుకి ఆపుతారు. అమ్మవారి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి ఆపుతారు. వాళ్ళలో ఎవరిచేతనైనా అనారోగ్యమని రాయించారా?"

"అది వేరు."

"వేరేనండి. వాళ్ళు ఆపకపోయినా బతుకుతారు."

"మీ మంచికే చెబుతున్నాను. అంత పట్టుదల ఎందుకు?"

ఆవిడ కుర్చీలో ముందుకి జరిగారు. గొంతు పెంచలేదు. "ఇవాళ నేను జబ్బని రాసిచ్చాననుకోండి. రేపు నలభై ఐదు దాటిన ప్రతి ఆడ కండక్టర్నీ జబ్బు మనిషని ఓ మూల కూర్చోబెడతారు. ఎల్లుండి, వీళ్ళకి ఎలాగూ జబ్బొస్తుంది కదా, అసలు ఉద్యోగంలోకి ఎందుకు తీసుకోవాలంటారు. నా పేరు మీద ఆ కాగితం ఉండకూడదండి. కావాలంటే తప్పు చేశానని రాయండి, శిక్ష వెయ్యండి. జబ్బని మాత్రం రాయొద్దు."

అప్పుడు హిందీ టీచర్ గారు లేచి నిలబడ్డారు. క్లాసులో లేచినట్టు. "నాకూ అదే ఉందండి. రోజూ ఆవిడతోపాటు దిగి తల తడుపుకోవాలని నాకూ ఉంటుంది. సిగ్గుపడి దిగలేదు. ఆలస్యమైందని కంప్లైంట్ ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి కదా, అవ్వలేదని చెప్పినవాళ్ళలో నా పేరు రాసుకోండి."

మేనేజర్ గారు కలం మళ్ళీ తీసుకుని మూత పెట్టాడు. "మా ఇంట్లో కూడా ఈమధ్య..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఎవరూ ఆయన్ని పూర్తి చెయ్యమని అడగలేదు.

చివరికి ఆవిడ కోరుకున్నదే ఇచ్చారు, శిక్ష. రావులపాలెం రూటు తీసేసి జంగారెడ్డిగూడెం రూటు వేశారు. గోదావరి దాటి మెట్ట ఊళ్ళదాకా పోయి రావాలి, బస్సు ఎక్కితే రోజంతా బస్సే. మళ్ళీ స్టేజీ కానిచోట ఆపినట్టు ఒక్క కంప్లైంట్ వచ్చినా సస్పెన్షనే అని కాగితమిచ్చారు. ఆవిడ దాన్ని చదివి, మడిచి, డబ్బుల సంచిలో పెట్టుకున్నారు. "అటు కూడా ఆడాళ్ళుంటారు కదా" అన్నారు.

మా బస్సుకి కొత్త కండక్టర్ వచ్చాడు. కుర్రాడు, నెమ్మదస్తుడు. మోటారు దగ్గర ఆపనన్నాడు. కానీ నెట్టు కింద ఆడవాళ్ళు గుంపుగా చేతులు చాపి నిలబడితే ఆపక ఏం చేస్తాడు? వాళ్ళు బల్ల మీది సామాన్లు తీరిగ్గా సర్దుకుని, తీరిగ్గా ఎక్కేవారు. ఆ తీరికలో దిగాల్సినవాళ్ళు దిగి, తడుపుకుని వచ్చేవారు. హిందీ టీచర్ గారు దిగడం నేను కళ్ళారా చూశాను.

నాకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఆవిడని చూడాలని ఒక ఆదివారం జంగారెడ్డిగూడెం బస్సెక్కాను. నన్ను చూసి, "ఫోనమ్మాయ్, ఇటెక్కడికి?" అన్నారు. "మీ బస్సెక్కాలని" అన్నాను. "చివరి స్టేజీ దాకా టికెట్ లేకుండా తిరగడం మీ ఊళ్ళో మర్యాదా?" అని ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టారు.

మనిషి కొంచెం చిక్కారు. జుట్టు మాత్రం పొడిగా ఉంది. ఎండ మండిపోతోంది, అయినా మెడలో తడి టవల్ లేదు.

"సెగలు తగ్గాయాండీ?"

"సంక్రాంతి తర్వాత రాలేదమ్మా. అయిపోయినట్టుంది. ఒకోసారి నేనే చూస్తున్నాను, వస్తుందేమోనని" అని నవ్వారు.

హమ్మయ్య అనుకున్నాను. ఇంక ఆపాల్సిన పనిలేదు, సస్పెన్షనూ ఉండదు, గొడవ తీరిపోయింది. అనుకుంటూనే ఉన్నాను. కొయ్యలగూడెం దాటి కొంతదూరం వెళ్ళాక, పామాయిలు తోట పక్కన, బస్సు ఆగింది. తోట గట్టు మీద మోటారు పోస్తోంది, లావు గొట్టంలోంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. చుట్టూ ఇల్లు లేదు, స్టేజీ లేదు.

కండక్టర్ గారు మెట్టు మీద నిలబడి బస్సులోకి తిరిగారు. "తల తడుపుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే దిగండమ్మా. సెగలొచ్చేవాళ్ళు, ముట్లాగే వయసు వాళ్ళు. బస్సు ఆగుద్ది, తొందరేం లేదు."

ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు, కిటికీల్లోంచి బయటికి చూశారు. ముందు సీటులో జీడిపిక్కల బస్తా పక్కన కూర్చున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ లేరు కదండీ. పోనివ్వండి."

"లేరో, లేవలేకపోతున్నారో. కాసేపు చూద్దామండి."

"రోజూ ఇదే తంతు. ఇది స్టేజీ కాదు. కంప్లైంట్ ఇస్తే ఏమవుద్దో తెలుసా మీకు?"

"తెలుసండి. ఫోన్ నంబరు పైనే రాసుంది, డ్రైవర్ గారి అద్దం పక్కన."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. అంకెలు నొక్కడం మొదలుపెట్టాడు. నేను సీట్లోంచి సగం లేచాను, ఆవిడ చూపుతోనే నన్ను కూర్చోమన్నారు.

బస్సు మధ్యలో భర్త పక్కన కూర్చున్న ఒకావిడ లేచింది. పట్టుచీర, చేతిలో పెళ్ళివారిచ్చిన సంచి, ఎక్కడో శుభకార్యానికి వెళ్ళొస్తున్నట్టున్నారు. మొహమంతా చెమట, బొట్టు కరిగి ముక్కు మీదకి జారింది. భర్త ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "కూర్చో. నలుగురూ చూస్తారు" అన్నాడు.

"చూడనివ్వండి" అందావిడ. చెయ్యి విడిపించుకుని, సంచి ఆయన ఒళ్ళో పెట్టి, సీట్ల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. కండక్టర్ గారు మెట్టు మీంచి పక్కకి జరిగి దారిచ్చారు. ఆవిడ గట్టు దిగి, చెప్పులు విప్పి, పట్టుచీర కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, గొట్టం ముందుకెళ్ళి తల పెట్టింది.

ఇంకో ఇద్దరు లేచారు.

ముందు సీటు పెద్దమనిషి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "లేటవుద్దండి, కండక్టర్ గారూ" అన్నాడు.

"అవుద్దండి" అన్నారావిడ.